మోగితేనే లెక్క

మా ఆఫీసు తమ్ముడి పర్సులో టెక్సస్ ప్రభుత్వం ఇచ్చిన వేట లైసెన్సు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. సొంతూరు కోదాడ. చిన్నప్పుడు పెరట్లో కోడిని కోస్తుంటే ఇంట్లోకి పారిపోయేవాణ్ణని తనే చెబుతాడు. వేటకి వెళ్ళింది లేదు, వెళ్ళే ఉద్దేశమూ లేదు. అయినా పాతది ఆగస్టు 31తో చెల్లిపోతుందని, సెప్టెంబర్ రాగానే మరిచిపోకుండా కొత్తది తీసుకుంటాడు. సంగతేమిటంటే, హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ చేతబట్టడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో అద్దెకు తీసుకుని సరదాగా నాలుగు తూటాలు పేల్చినా అంతే. ఆ చట్టంలోనే కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వాటిలో ఒకటి. "ఇది జేబులో లేకుండా మా షూటింగ్ క్లబ్బు గేటు దరిదాపులక్కూడా పోనక్కా. ఒక్క ఆదివారం కోసం వీసా పోగొట్టుకుంటానా?" అంటాడు.

నాకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు. ఉన్న చిక్కల్లా భయం. మేముండేది ఫ్రిస్కోలో. 2023 మేలో దగ్గర్లోనే ఉన్న అలెన్‌లో, ఒక మాల్ దగ్గర జరిగిన కాల్పుల్లో 8 మంది పోయారు. వాళ్ళలో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ వారమంతా మా వీధిలో ఎవరు కనిపించినా అదే మాట. మా పిల్లలు బడిలో లైట్లార్పి, తలుపు గడియ వేసుకుని, గోడవారగా చప్పుడు చేయకుండా కూర్చోవడం ప్రాక్టీసు చేస్తారు. ఇలాంటిచోట ఉంటూ ఆదివారం పూట సరదాకి తుపాకీ పట్టుకోవడమేమిటని, తమ్ముడు రమ్మన్నప్పుడల్లా ఏదో ఒక వంకతో తప్పించుకుంటూ వచ్చాను. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర, కాలేజీలో ఎన్‌సీసీ చేశాననీ, క్యాంపులో పాయింట్ 22 రైఫిల్ కాల్చాననీ మాటల్లో చెప్పాను. "మరింకేంటక్కా! మా పోటీ కూడా ఆ తూటాతోనే" అన్నాడు. ఇక వదల్లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారకముందే బయల్దేరాం. ముందురోజు రాత్రి ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. తమ్ముడు రైఫిల్‌ని తాళం వేసిన పెట్టెలో పెట్టి డిక్కీలో ఉంచాడు, తూటాలు వేరే సంచీలో. నేను పులిహోర డబ్బా, ఫ్లాస్కులో కాఫీ సర్దాను. 380 నంబరు హైవే ఎక్కి పడమటికి తిరిగాం. డెంటన్ దాకా మనవాళ్ళ సందడే: కొత్త కాలనీలు, ఇండియన్ కిరాణా కొట్లు, బిర్యానీ బోర్డులు. డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో ఎంఎస్ చదివే తెలుగు పిల్లలు ఎంతమందో. ఆ ఊరు దాటాక మాత్రం దారి మారిపోతుంది. గడ్డిబీళ్ళు, గుర్రాల కొట్టాలు, మధ్యమధ్య బార్నెట్ షేల్ గ్యాస్ బావుల దగ్గర వరసగా నిలబెట్టిన ట్యాంకులు. డెకేటర్ దగ్గరపడుతుంటే మిట్ట మీద గులాబి రంగు గ్రానైటుతో 1890లలో కట్టిన వైజ్ కౌంటీ కోర్టు భవనం దూరం నుంచే కనిపించింది. ఊరు దాటి చిన్న రోడ్డు పట్టుకుని, కంకర దారిలో కొంత దూరం వెళితే క్లబ్బు గేటు వచ్చింది.

లోపల మూడు వైపులా ఎత్తైన మట్టికట్టలు పోసిన బేలు వరసగా ఉన్నాయి. ఒక్కో బేలో తెల్లరంగు వేసిన స్టీల్ ప్లేట్లు, కొన్ని గుండ్రంగా, కొన్ని పలకల్లా, కర్ర స్తంభాల మీద నిలబెట్టి ఉన్నాయి. కార్ల దగ్గర జనం చక్రాల బండ్లలో సామాను సర్దుకుంటున్నారు. కుర్రకారు ఎక్కువ ఉంటారనుకున్నాను. చూడబోతే నెరిసిన తలలే ఎక్కువ, వాళ్ళ వెనక మనవలూ మనవరాళ్ళూ. పాయింట్ 22 తూటా చవక, దెబ్బ తక్కువ, చప్పుడు తక్కువ. భుజం నొప్పి వచ్చిన ముసలివాళ్ళకీ, ఇంకా ఎముక ముదరని పిల్లలకీ అది సరిగ్గా సరిపోతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళని పోటీ నడిపే పెద్దాయన పక్కకి పిలిచాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేవాడట, ఆ గొంతు ఇంకా అలాగే ఉంది. ఇది కోల్డ్ రేంజ్, అంటే ఇక్కడ ఎవరి తుపాకీలోనూ తూటా ఉండకూడదు. కాల్చే గీత దగ్గర నిలబడి, రేంజ్ ఆఫీసర్ చెప్పినప్పుడే నింపాలి. మిగతా సమయమంతా రైఫిల్ చాంబర్‌లో రంగు ప్లాస్టిక్ పుల్ల దూర్చి ఉంచాలి. లోపల ఏమీ లేదని దూరం నుంచే అందరికీ కనబడాలి. తుపాకీని సవరించుకోవాలంటే సేఫ్ టేబుల్ దగ్గరే, అక్కడ తూటాని ముట్టుకోకూడదు. గొట్టం మట్టికట్ట వైపు తప్ప మరోవైపు తిరగకూడదు. చూపు ప్లేటు మీదికి చేరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. తుపాకీ చేయి జారి కింద పడినా, తూటా అనుకోకుండా పేలినా, గొట్టం హద్దు దాటినా డీక్యూ. "అంటే ఆ రోజుకి మీ ఆట అయిపోయినట్టే. సర్ది పెట్టుకుని, మిగతావాళ్ళకి ప్లేట్లకి రంగు వేయడంలో సాయం చేయొచ్చు. చాంపియన్ అయినా, ఇవాళే వచ్చినవాళ్ళయినా ఒకటే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మా అందరి కళ్ళకీ అద్దాలున్నాయో లేదో ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయాడు. స్టీలుకి తగిలిన సీసం ముక్కలై పక్కలకి చిమ్ముతుంది కాబట్టి కాల్చేవాళ్ళకే కాదు, చూసేవాళ్ళకీ అద్దాలు తప్పనిసరి.

ఈ ఆట పేరు స్టీల్ చాలెంజ్. 1981లో మైక్ డాల్టన్, మైక్ ఫిచ్‌మన్ అనే ఇద్దరు దక్షిణ కాలిఫోర్నియాలో మొదలుపెట్టారు. 2007లో అమెరికాలోని ప్రాక్టికల్ షూటింగ్ సంఘం యూఎస్‌పీఎస్‌ఏ దీన్ని కొనుక్కుంది. స్టేజీలు మొత్తం 8, వాటికి ఎప్పటికీ మారని కొలతలు, మారని పేర్లు: ఫైవ్ టు గో, షోడౌన్, స్మోక్ అండ్ హోప్, ఔటర్ లిమిట్స్, యాక్సిలరేటర్, పెండ్యులం, స్పీడ్ ఆప్షన్, రౌండెబౌట్. ఏ స్టేజీలోనైనా ప్లేట్లు అయిదే. నాలుగింటిని ఏ వరసలోనైనా కొట్టొచ్చు. అయిదోది స్టాప్ ప్లేటు. దాన్ని చివర్లోనే కొట్టాలి, అది తగిలిన క్షణంతో ఆ పరుగు ముగుస్తుంది. ఒక్కో స్టేజీలో అయిదు పరుగులు. వాటిలో అన్నిటికన్నా నెమ్మదైనది తీసేసి మిగతా నాలుగూ కలుపుతారు. ఔటర్ లిమిట్స్‌లో మాత్రం నాలుగు పరుగులు, లెక్కకి మూడు. తగలని ప్లేటు ఒక్కోదానికి 3 సెకన్ల జరిమానా. ఎంత తడబడినా ఒక పరుగు 30 సెకన్లు దాటదు. మార్కులూ బహుమతి పాయింట్లూ ఏమీ లేవు. స్కోరంటే సెకన్లే, ఎన్ని తగ్గితే అంత మంచిది. మా క్లబ్బు ఆ పూటకి ఎనిమిదిలో కొన్నే పెట్టింది.

ఈ 3 సెకన్లలోనే ఆట కీలకమంతా ఉంది. స్మోక్ అండ్ హోప్‌ని ఆరితేరినవాళ్ళు అయిదు ప్లేట్లూ కలిపి రెండు సెకన్లలోపే ముగించేస్తారు. అంటే ఒక్క ప్లేటు తప్పితే వాళ్ళ పరుగుకన్నా జరిమానాయే పెద్దది. తప్పిందని తెలిస్తే, స్టాప్ ప్లేటు కొట్టేలోగా మళ్ళీ కొట్టుకునే వీలుంది. దానికి పట్టేది అర సెకనో, సెకనో. తప్పిందా లేదా అన్నది ఆ వేగంలో ఎంత త్వరగా తెలుసుకుంటామన్నదే లెక్క.

ఎన్‌సీసీలో నేను నేర్చుకున్నది దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ టార్పాలిన్ మీద బోర్లా పడుకోవాలి. ఒక కన్ను మూసి, ఊపిరి సగం వదిలి, ముందు కొనని గురి మీద నిలిపి, నిమ్మళంగా ట్రిగ్గర్ లాగాలి. తూటాలు అయిదే ఇస్తారు. అవి ఎక్కడ తగిలాయన్నదానికన్నా ఎంత దగ్గరదగ్గరగా తగిలాయన్నదే హవల్దారుగారికి కావాలి. దాన్నే గ్రూపింగ్ అనేవాళ్ళు. కాల్చాక ఖాళీ తొడుగులు లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఒకసారి ఒక్కటి తగ్గితే అమ్మాయిలందరం మోకాళ్ళ మీద గడ్డి వెతికాం. చీకటి పడే వేళకి ఎవరి బూటు పట్టీలోనో దొరికింది. ఆ తొడుగు చూపుడు వేలి గోరంత ఉంటుంది. దాని కోసం ఒక సాయంత్రమంతా పోయింది.

ఇక్కడ అదే తొడుగులు కంకర మీద జొన్నలు ఆరబోసినట్టు పడున్నాయి. ఎవరూ వంగి చూడటం లేదు. పక్క బేలో 9 ఎంఎం కాల్చేవాళ్ళు మాత్రం తమ ఇత్తడి తొడుగుల్ని సంచుల్లోకి ఏరుకుంటున్నారు. తేడా ఎందుకని తమ్ముణ్ణి అడిగాను. 9 ఎంఎం తూటాకి అడుగున మధ్యలో విడిగా ప్రైమర్ ఉంటుంది. పేలాక దాన్ని మార్చి, మందు పోసి, గుండు బిగిస్తే మళ్ళీ తూటా తయారు. మా పాయింట్ 22 లాంటి రిమ్‌ఫైర్‌కి ఆ వీలు లేదు. నిప్పు పుట్టించే మందుని తొడుగు అడుగు అంచు మడతలోనే నింపుతారు. సూది ఆ అంచునే నొక్కి పేలుస్తుంది, అంతటితో తొడుగు పని అయిపోతుంది. మేం కాలుస్తున్న పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది, స్టీవెన్స్ కంపెనీ తెచ్చింది. గుండు బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. విజయవాడ క్యాంపులో నా చేతికి లెక్కపెట్టి ఇచ్చిందీ, ఇక్కడ డబ్బాలోంచి గుప్పెట్లతో తీసుకుంటున్నదీ ఒకటే తూటా అన్నది నాకు చాలాసేపు మింగుడుపడలేదు.

మా జట్టు మొదటి స్టేజీ స్మోక్ అండ్ హోప్. అటూ ఇటూ నాలుగు పెద్ద పలకలు, ఒక్కోటి 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు. మధ్యలో కాస్త దూరంగా 12 అంగుళాల గుండ్రటి స్టాప్ ప్లేటు. కొత్తవాళ్ళకి ధైర్యం రావడానికి దీన్ని మించింది లేదు. తమ్ముడి రైఫిల్ రూగర్ 10/22, 1964 నుంచి వస్తున్న రకం, పైన ఎర్ర చుక్క చూపే రెడ్ డాట్ సైట్. పది తూటాల మ్యాగజైన్లు అయిదు నింపి నడుము పట్టీకి తగిలించాడు. "రెండు కళ్ళూ తెరిచే ఉంచక్కా. చుక్కని చూడొద్దు, ప్లేటుని చూడు. చుక్క దానంతటదే వచ్చి కూర్చుంటుంది."

"మేక్ రెడీ" అన్నాడు రేంజ్ ఆఫీసర్. పుల్ల తీసి, మ్యాగజైన్ పెట్టి, బోల్టు లాగాను. రిమ్‌ఫైర్‌వాళ్ళు ఒర నుంచి తీయక్కర్లేదు. ముందు నేల మీద పెట్టిన గుర్తు వైపు గొట్టం వంచి నిలబడితే చాలు. "ఆర్ యూ రెడీ?" తల ఊపాను. "స్టాండ్ బై." ఆ తర్వాతి నిశ్శబ్దం ఒక సెకను ఉంటుందో, మూడు సెకన్లు ఉంటుందో ముందుగా తెలియదు. టైమర్ బీప్ అంది. రైఫిల్ లేచింది. మొదటి పలక కనిపించిందో లేదో చుక్క దాని మీద ఉంది, టంగుమంది. ఆ మోత చెవిలో పడ్డాకే రెండోదానికి వెళ్ళాను. అదీ మోగింది. అలా అన్నీ మోగించి స్టాప్ ప్లేటు చేరేసరికి టైమర్ ఆరు సెకన్లు దాటింది. ఒక్కటీ తప్పలేదు. చప్పట్లు కూడా కొట్టారు.

తమ్ముడు మాత్రం పెదవి విరిచాడు. "ప్రతిసారీ మోత వినేదాకా ఆగుతున్నావక్కా. స్కోరు రాసేవాళ్ళకి మోత కావాలి. నీకెందుకు?" తూటా పేలిన క్షణంలో చుక్క ఎక్కడుంది, పైకి ఎటు లేచింది అన్నది కంటికి పడితే చాలు, తగిలిందో లేదో అప్పుడే తెలుస్తుందన్నాడు. చెవి కబురు తెచ్చేలోగా కన్ను పక్క ప్లేటు మీద ఉండాలి. మంచి షూటర్లని గమనించాక అర్థమైంది. వాళ్ళ చేతులు నాకన్నా అంత వేగంగా ఏమీ కదలడం లేదు. తల ముందు తిరుగుతోంది, రైఫిల్ వెనకే వస్తోంది, అంతే. వాళ్ళ దగ్గర మోతలు ఒకదాని మీద ఒకటి పడి, ఎన్ని తగిలాయో నాకు లెక్క తెగలేదు. తర్వాతి పరుగుల్లో నేను మోత కోసం ఆగడం మానేశాను. సెకన్లు తగ్గాయి. ఆ ధీమాతో ఒక పలకని వదిలేసి మూడు సెకన్లు వేయించుకున్నాను.

రెండో స్టేజీ పెండ్యులం ఆ ధీమాకి మందు. అక్కడ పలకలు లేవు. 18 గజాల దూరంలో ఎత్తుపల్లాలుగా నాలుగు గుండ్రటి ప్లేట్లు, చిన్నవి 10 అంగుళాలు. ఇక్కడ చుక్క ప్లేటు మీద వణుకుతూ నిలబడుతుంది. చలిగాలికి నా వేళ్ళు మొద్దుబారాయి. పరుగు మధ్యలో ట్రిగ్గర్ లాగితే టక్కుమని ఉత్త చప్పుడు, తూటా పేలలేదు. అంచులో మందు సమంగా పరుచుకోకపోతే రిమ్‌ఫైర్ ఇలా మొరాయిస్తుందట. బోల్టు లాగి దాన్ని బయటికి నెట్టి ముగించాను. "పోనీలే, లెక్కలోంచి తీసేసేది ఆ పరుగే అవుతుంది" అన్నాడు రేంజ్ ఆఫీసర్. నెమ్మదైన పరుగుని తీసేసే నియమంలోని దయ అక్కడ తెలిసింది.

నా వంతు లేనప్పుడు ఖాళీగా కూర్చున్నది లేదు. ఒకరు ట్యాబ్‌లో ప్రాక్టిస్కోర్ యాప్ తెరిచి సెకన్లు ఎక్కిస్తారు. ఒకరు ప్లేట్ల మీద కళ్ళు పెట్టి తప్పినవి చెబుతారు. ఇద్దరు ముగ్గురు స్ప్రే డబ్బాలు పట్టుకుని సీసపు మరకల మీద తెల్లరంగు కొట్టి వస్తారు. ఒకరు కాల్చేది కొద్ది సెకన్లే. మిగతా పూటంతా పక్కవాళ్ళ పనే.

మా జట్టులో పన్నెండేళ్ళుంటాయేమో, ఒక పిల్ల పిస్తోలుతో కాలుస్తోంది. తాతగారు ఆమె సామాను బండి లాగుతున్నాడు. ఆ పిల్ల ఏ స్టేజీలోనూ నా దరిదాపుల్లో లేదు, ఎక్కడికో ముందుకు పోయింది. నాకు నచ్చింది మాత్రం ఆమె వేగం కాదు. పరుగులైపోయాక మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఖాళీ చాంబర్ చూపించి, పుల్ల పెట్టి, "రేంజ్ ఈజ్ క్లియర్" అన్న మాట వినిపించేదాకా ఒక్క అంగుళం కదల్లేదు. స్నేహితురాలెవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిచినా తిరగలేదు.

తాతగారు నన్ను ఇండియాలో ఈ ఆట ఉందా అని అడిగాడు. ఇదే ఆట కాదు గానీ ఇదే తూటాతో మా హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలులో పోటీ చేస్తుందనీ, హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచిందనీ చెప్పాను. అందులో రాపిడ్ అంచె ఎలా ఉంటుందో కూడా చెప్పాను: టార్గెట్ 3 సెకన్లు కనిపిస్తుంది, ఆలోగా చేయెత్తి ఒక్క తూటా కాల్చాలి, తర్వాత 7 సెకన్లు కనిపించదు. "మూడు సెకన్లకి ఒక్కటేనా!" అని మనవరాలు నవ్వింది. "ఒంటిచేత్తో. పది వలయం ఇంతే ఉంటుంది" అని చేత్తో సైజు చూపిస్తే నవ్వు ఆగింది. ఆ తర్వాత ఆ పిల్లా నేనూ పులిహోర తిన్నాం. తినేముందు తాతగారు మమ్మల్ని కుళాయి దగ్గరికి పంపించాడు. చేతికంటిన సీసం కడుపులోకి పోకుండా సబ్బుతో, చన్నీళ్ళతో కడుక్కోవాలట. ఆ చలిలో అదీ ఒక పరీక్షే.

ఫలితాలు మధ్యాహ్నానికి ఫోన్లోకి వచ్చాయి. ప్రతి స్టేజీకీ, ప్రతి విభాగానికీ ప్రమాణంగా ఒక అత్యుత్తమ సమయం ఉంటుంది. ఆ వేగంలో 95 శాతానికి చేరితే గ్రాండ్ మాస్టర్, 40కి దిగువన ఉంటే డి తరగతి. తమ్ముడు బిలో ఉన్నాడు. నాది డి అని వేరే చెప్పక్కర్లేదు. పట్టికలో నా పేరు కోసం కింద నుంచి వెతుక్కుంటే త్వరగా దొరికింది.

తిరుగు దారిలో డెంటన్‌లో కాఫీకి ఆగాం. మా ముందు వరసలో ఒకాయన నడుముకి పిస్తోలు బయటికే కనిపిస్తోంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, చట్టం నిషేధించని వాళ్ళెవరైనా 21 ఏళ్ళు నిండితే లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. శిక్షణ తీసుకోవాలన్న షరతు లేదు. పొద్దున్న రేంజిలో నా వేలు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక మనిషి నా భుజం పక్కనే నిలబడ్డాడు. ఇక్కడ ఆ పిస్తోలులో తూటా ఉందో లేదో కనుక్కోవాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఆయన మంచివాడే కావచ్చు. పోటీ షూటరే కావచ్చు. నాకు తెలిసే మార్గం లేదు.

"భయం పోయిందా అక్కా?" అని అడిగాడు తమ్ముడు కారెక్కాక. పోలేదని చెప్పాను. నిజానికి దానికి కారణం ఇంకా గట్టిగా తెలిసింది. తుపాకీని ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు, చిన్న తూటా అయిన పాయింట్ 22తో ఆడుకునేటప్పుడు కూడా ఇన్ని నియమాలు పెట్టుకుని, ఒకరినొకరు కాపలా కాసుకుంటున్నారంటే, అది ఎంత జాగ్రత్త అడిగే వస్తువో వాళ్ళకి తెలుసన్నమాట. ఆ తెలివిడిని రేంజి బయట ఎవరూ అడగకపోవడమే నాకు అర్థంకానిది. ఆట మీద నాకే ఫిర్యాదూ లేదు. నచ్చింది, మళ్ళీ వెళతాను. మోత కోసం ఆగే అలవాటు పూర్తిగా పోవాలి, పెండ్యులంలో ఆ చిన్న గుండ్రాలు వరసగా మోగాలి. తుపాకీ మాత్రం మా ఇంట్లోకి రాదు. తమ్ముడు దీనికి అడ్డు చెప్పలేదు. "నా రైఫిల్ ఉందిగా, తూటాల డబ్బులు మాత్రం నువ్వే పెట్టుకో" అన్నాడు. బేరం కుదిరింది.